సాయం దాకా నడిచి రాలేని పిల్లలు

యుద్ధానికో అల్లర్లకో భయపడి ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల కోసం శిబిరాలు కట్టేటప్పుడు చూసుకునే లెక్కలు కొన్ని ఉన్నాయి. స్ఫియర్ అనే పుస్తకంలో రాసి ఉంటాయి, స్ఫియర్ ప్రమాణాలంటారు వాటిని. నీళ్ల కుళాయి గుడిసెకి 500 మీటర్ల లోపు ఉండాలి. కుళాయి దగ్గర అరగంటకి మించి నిలబడాల్సి రాకూడదు. మరుగుదొడ్డి 50 మీటర్లు దాటకూడదు, 20 మందికి ఒకటైనా ఉండాలి. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలి.

ఇవి ఎవరో కుర్చీలో కూర్చుని ఊహించి రాసిన అంకెలు కావు. 1994లో రువాండా నుంచి పారిపోయిన జనం పక్క దేశంలోని గోమా శిబిరాల్లో కలరా వచ్చి వేలకివేలు చనిపోయాక, ఇంకెప్పుడూ అలా జరగకూడదని సహాయ సంస్థలన్నీ కలిసి 1997లో మొదలుపెట్టిన పని ఇది. దానివల్ల నిలిచిన ప్రాణాలు ఎన్నో. ఆ పుస్తకమంటే నాకు గౌరవం. కానీ 500 మీటర్లు ఎవరికి దగ్గర? బిందె పట్టుకుని నడిచి వెళ్లి రాగలిగిన మనిషికి. ఏడేళ్లొచ్చినా మెడ నిలబడని బిడ్డ ఉన్న తల్లికి ఆ 500 మీటర్లే పెద్ద దూరం. బిడ్డని ఎత్తుకుంటే బిందె పట్టుకోలేదు. బిందె పట్టుకుంటే బిడ్డని ఒంటరిగా వదిలి వెళ్లాలి. 2018 నాటి ప్రతిలో వైకల్యం ఉన్నవాళ్ల గురించి కూడా చాలాచోట్ల రాశారు, కాదనను. శిబిరంలో మాత్రం అంకె అమలవుతుంది, సలహా పుస్తకంలో మిగిలిపోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. నిర్వాసితుల్లో వైకల్యం ఉన్న పిల్లలకి జరుగుతున్న అన్యాయం ఎవరి కఠినత్వం వల్లో జరగడం లేదు. సాయాన్ని ఒకచోట పెట్టి జనాన్ని అక్కడికి రమ్మనే పద్ధతిలోనే ఉంది. రేషన్ ఒకచోట, డాక్టర్ ఒకచోట, బడి ఒకచోట, పేర్లు రాసుకునే బల్ల ఇంకోచోట. రాగలిగినవాళ్లకి ఎంతో కొంత అందుతుంది. రాలేనివాళ్ల సంగతి ‘తర్వాత చూద్దాం’లో పడిపోతుంది. ఇది తిరగబడాలి. గుడిసె గుడిసెకీ తిరిగే మనుషులు, వాళ్లకిచ్చే జీతాలు మొదటి వారం నుంచే బియ్యంతోనూ టార్పాలిన్లతోనూ పాటు బడ్జెట్‌లో ఉండాలి. ప్రత్యేక పథకంగా కాదు, మామూలు సాయంలో భాగంగానే.

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల కోసం బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ జిల్లాలో వెలిసిన శిబిరాల్లో కొంతకాలం పనిచేశాను. 2017 ఆగస్టు నుంచి కొద్ది నెలల్లోనే ఏడు లక్షలకి పైగా జనం సరిహద్దు దాటి అక్కడికి వచ్చారు. కుటుపలాంగ్ చుట్టుపక్కల గుట్టల మీద చెట్లు కొట్టేసి వెదుళ్లతో, టార్పాలిన్లతో గుడిసెలు వేసుకున్నారు. గుడిసె గుట్ట మీద, కుళాయి గుట్ట కింద. మధ్యలో ఇసుక బస్తాలు పేర్చి, వెదురు బద్దలు అడ్డం పెట్టి కట్టిన మెట్లు. వాన పడితే ఆ మెట్ల మీద ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కాలు నిలవదు.

అక్కడ చూసిన ఒక పాప గురించి చెప్పాలి. ఏడేళ్లుంటాయి. సెరిబ్రల్ పాల్సీ. పుట్టుకకి ముందో, పసితనంలోనో మెదడు దెబ్బతినడం వల్ల ఒళ్లు అదుపులో ఉండని స్థితి అది. తొడలు రెండూ దగ్గరికి బిగుసుకుపోయి ఉండేవి, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయేది. నవ్వు మాత్రం బ్రహ్మాండంగా నవ్వేది. తల్లి రేషన్‌కి వెళ్లేటప్పుడు ఖాళీ గోనె సంచులు చుట్టి అటొకటి ఇటొకటి పెట్టి, మధ్యలో పాపని పడుకోబెట్టి వెళ్లేది. పదేళ్ల అన్న కాపలా. వాడు బడికి పోయేవాడు కాదు. తిరిగొచ్చేసరికి ఒక్కోరోజు పాప తడిసిన చాప మీదే ఉండేది. నడుము కింద చర్మం మొదట ఎర్రగా కమిలింది, నేను చూసేనాటికి పుండు పడింది.

అన్నం పెట్టే తీరు చూస్తే నాకు భయం వేసింది. చంటిపిల్లలకి పోసినట్టే తల్లి ఆ పిల్లని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, గంజి నోట్లో పోసేది. అలా పోస్తే మింగడం సరిగా రాని బిడ్డకి పొలమారుతుంది. దగ్గగలిగితే సరే. దగ్గే బలం కూడా లేకపోతే గంజి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పాపకి మాటిమాటికీ జ్వరం, దగ్గు. క్లినిక్‌కి ఎత్తుకెళ్తే న్యుమోనియా అని మందులిచ్చేవాళ్లు, తగ్గేది, మళ్లీ వచ్చేది. తల్లి దాచుకున్న చీటీల్లో న్యుమోనియా అన్న మాట అన్నిసార్లు రాసి ఉంది గానీ, బిడ్డకి తిండి ఎలా పెడుతున్నావమ్మా అని అడిగినట్టు ఒక్క చీటీలోనూ లేదు. ఆ డాక్టర్ల తప్పని నేను అనను. వాళ్ల ముందు రోజూ వందల మంది. తిండి పెట్టడం ఎలాగో తెలియాలంటే ఎవరో ఒకరు ఆ గుడిసెలో కూర్చుని ఒక పూట చూడాలి. అలా కూర్చునే మనిషికే జీతం లేదు.

పిల్లని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని, గంజి కాస్త చిక్కగా చేసి, చెంచా ఎదురు నుంచి, కింది వైపు నుంచి నోటికి అందించడం ఆ తల్లి ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకుంది. పాపని ఒరిగిపోకుండా కూర్చోబెట్టే కుర్చీ చేయడానికి మాత్రం రోజులు పట్టింది. సామాన్లు వచ్చిన అట్టపెట్టెలు విప్పదీసి, పొరలు పొరలుగా పిండి జిగురుతో అంటించి, ఆరబెట్టి, బిడ్డ కొలతలకి కోస్తారు. జింబాబ్వేలో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లు కూర్చున్నా విరగదు. పక్క గుడిసెలో ఉండే వడ్రంగి చేసిపెట్టాడు. వానాకాలం కావడంతో పొర పొరకీ ఎండ కోసం కాచుకోవాల్సి వచ్చింది. ఛాతీకి అడ్డంగా ఒక పట్టీ, తొడల మధ్య ఒక దిమ్మె, ముందు చిన్న బల్ల. అంతే. పాప కూర్చుని చేతులు బల్ల మీద పెట్టుకుంది. కూర్చోగలిగిన పిల్లని పక్కింటావిడ కాసేపు చూసుకుంటానంది. అన్న పూటపూటా బడికి పోవడం మొదలుపెట్టాడు.

ఆ కుటుంబానికి మేము చేసింది ఏమంత పెద్ద పని కాదు. ఖర్చయింది వడ్రంగి కూలి, నా జీతంలో కొన్ని పూటలు. రేషన్ వరుస మాత్రం మారలేదు. బస్తాలు మోసి గుడిసె దాకా తెచ్చిపెట్టే కూలీల ఏర్పాటు ఆ శిబిరాల్లో కొన్నిచోట్ల ఉంది, మంచి ఏర్పాటే. ఆ సాయం కావాలంటే పేరు జాబితాలో ఉండాలి. జాబితాలోకి ఎక్కాలంటే ఎవరో ఆ బిడ్డని చూసి రాసుకుని ఉండాలి. పేర్లు రాసుకున్న రోజున పాప గుడిసెలో గోనె సంచుల మధ్య పడుకుని ఉంది. బల్ల దగ్గరికి వెళ్లింది తల్లి ఒక్కతే.

అందుకే లెక్క గురించి కాస్త వివరంగా రాయాలి. ఇది ఆఫీసు పని, కాగితం పని అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అన్నిటికీ మొదలు అక్కడే ఉంది.

ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ చెప్పిన ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇళ్లు వదిలిపోయినవాళ్లు 12 కోట్ల 32 లక్షల మంది. వాళ్లలో 40 శాతం మంది పిల్లలే. యునిసెఫ్ 2021లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 24 కోట్ల మంది పిల్లలకి ఏదో ఒక వైకల్యం ఉంది, అంటే ప్రతి పదిమందిలో ఒకరికి. ఈ రెండూ కలిపి గుణిస్తే నిర్వాసితుల్లో వైకల్యం ఉన్న పిల్లలు దాదాపు అరకోటి మంది తేలతారు. నా ఉద్దేశంలో అది కూడా తక్కువే. బాంబులు పడ్డచోట, మంత్రసాని కూడా లేకుండా దారిలోనే కాన్పులయ్యేచోట, జ్వరం మెదడుకెక్కినా ఆస్పత్రి లేనిచోట ఆ నిష్పత్తి పెరుగుతుందే గానీ తగ్గదు. అయినా శిబిరాల రిజిస్టర్లు తిరగేస్తే వైకల్యం అని రాసిన గడిలో ఒకటి రెండు శాతం కనిపించడం మామూలు. మరి మిగతా పిల్లలు ఎక్కడున్నారు? గుడిసెల్లో ఉన్నారు.

బల్ల దగ్గర ఏం జరుగుతుందంటే, వాలంటీరు కంటికి కనిపించినవి రాసుకుంటాడు. కాలు లేదు, కర్ర ఉంది, కళ్లు తెల్లబడ్డాయి. చెవులు వినపడని పిల్ల తల్లి కొంగు పట్టుకుని నిలబడితే మిగతా పిల్లల్లాగే ఉంటుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లాడు సిగ్గరి అనిపిస్తాడు. ‘ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా’ అని ఎలుగెత్తి అడిగితే ఉన్నారని చెప్పే తల్లి అరుదు. పక్కవాళ్లు వింటున్నారు. పెద్ద కూతురికి సంబంధం చూడాలి. బిడ్డని తీసుకుపోయి ఎక్కడో హోంలో పెడతారేమో. ఇంకో దేశం మమ్మల్ని తీసుకోవాల్సి వస్తే ఈ ఒక్క మాట వల్ల వద్దంటుందేమో. ఈ భయాలు ఏవీ పిచ్చి భయాలు కావు.

దీనికి మందు ఇప్పటికే ఉంది. 2001లో ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు ఆరు ప్రశ్నలు తయారు చేసింది. చూడటం, వినడం, నడవడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం, బట్టలు వంటి సొంత పనులు, ఎదుటివాళ్లతో మాట్లాడటం. ఒక్కోదాంట్లో ఇబ్బంది ఏమీ లేదా, కొంచెమా, చాలానా, అసలు చేతకాదా అని అడుగుతారు. అవి పెద్దవాళ్లకి బాగా పనిచేస్తాయి గానీ పిల్లల దగ్గర చాలా జారిపోతాయి. అందుకని 2016లో యునిసెఫ్‌తో కలిసి పిల్లల కోసమే వేరే ప్రశ్నలు రాశారు, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వాళ్లకి కొన్ని, ఐదు నుంచి పదిహేడు దాకా ఇంకొన్ని. తన ఈడు పిల్లలతో పోలిస్తే నడవడానికి ఇబ్బంది పడుతున్నాడా, మీరు చెప్పింది అర్థం చేసుకోగలుగుతున్నాడా, ఎప్పుడూ దిగులుగా ఉంటున్నాడా, ఇలా ఉంటాయి. ఏ తల్లయినా వీటికి జవాబు చెబుతుంది. పరువు పోయే ప్రశ్న ఒక్కటీ లేదు.

కానీ ఈ ప్రశ్నలు రెండో పేజీలో ఉంటాయి. వరుసలో వందల మంది నిలబడి ఉన్నప్పుడు రెండో పేజీ దాకా ఎవరూ వెళ్లరు. వాటిని బల్ల దగ్గర అడగాలనుకోవడమే పొరపాటు. గుడిసెకి వెళ్లి, కూర్చుని, తల్లి ఒక్కతే ఉన్నప్పుడు అడగాలి. మళ్లీ అదే చోటికి వచ్చాం. వెళ్లేది ఎవరు?

ఈ మాట ఎత్తగానే వినిపించే జవాబు నాకు కంఠతా వచ్చు. ‘ముందు అందరి ప్రాణాలు నిలబెట్టాలి. నీళ్లు, తిండి, నీడ. ఆ తర్వాత ప్రత్యేక అవసరాల సంగతి.’ చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. నిద్ర లేకుండా పనిచేసేవాళ్లే చాలామంది ఇలా అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చేతిలో ఉన్న వంద రూపాయలతో పదిమందికి తిండి పెట్టాలా, ఒక్కరికి కుర్చీ చేయించాలా?

ఒకటి, ఆ ‘తర్వాత’ అనేది రాదు. కెన్యాలో దదాబ్ శిబిరాలు 1991లో తెరిచారు, తాత్కాలికమనే. కకుమా 1992లో. జోర్డాన్‌లో జాతరీ 2012లో. ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. దదాబ్‌లో పుట్టిన పిల్లలకి మళ్లీ అక్కడే పిల్లలు పుట్టారు. అత్యవసరం అన్నది ఎన్నేళ్లు నడుస్తుందో ఎవరూ చెప్పలేని చోట, అత్యవసరం అయిపోయాక చూద్దామనడం ఆ బిడ్డ బాల్యమంతా అయిపోయాక చూద్దామనడమే.

రెండోది నా వృత్తికి సంబంధించింది కాబట్టి కాస్త గట్టిగా చెబుతాను. పిల్లల ఒళ్లు ఆగదు, ఎదుగుతూ ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ తుంటి కీలుని సాగదీస్తూ, సరైన భంగిమలో ఉంచుతూ ఉండకపోతే, ఎముకలు పెరిగేకొద్దీ కండరాలు వెనకబడి కీళ్లు బిగుసుకుపోతాయి, ఒక్కోసారి తుంటి పక్కకి జారిపోతుంది. అప్పుడు నా చేతులు ఏమీ చేయలేవు, ఆపరేషన్ కావాలి. శిబిరంలో ఆపరేషన్ ఎక్కడ? బాంబు దెబ్బకి కాలు పోయిన పిల్లాడి కథ ఇంకోలా ఉంటుంది. కృత్రిమ కాలు పెద్దవాళ్లకి ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఎదిగే పిల్లాడికి ఆరు నెలల నుంచి ఏడాదికోసారి మార్చాలి. తీసేసిన చోట ఎముక లోపల పెరుగుతూ ఒక్కోసారి చర్మంలోంచి పొడుచుకొస్తుంది, మళ్లీ కోసి సరిచేయాలి. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఇదే వరస. అంటే ఐదేళ్ల పిల్లాడికి కాలు పోతే ఒక కాలు ఇస్తే సరిపోదు, డజనుకి పైగా కాళ్లు కావాలి, వాటిని కొలిచి అమర్చే మనిషి అన్నేళ్లూ అక్కడ ఉండాలి.

గాజా సంగతి తలుచుకుంటే అందుకే నాకు గుండె ఆగినంత పనవుతుంది. 2023 అక్టోబరు నుంచి కనీసం 21,000 మంది పిల్లలు వైకల్యం పాలయ్యారని ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల కమిటీ 2025 సెప్టెంబరులో చెప్పింది. ఖాళీ చేసి వెళ్లిపొమ్మన్న ఆదేశాలు వినికిడి, చూపు లేనివాళ్లకి అందే రూపంలో రాలేదనీ, వైకల్యం ఉన్నవాళ్లలో 83 శాతం మంది తమ సాధనాలు పోగొట్టుకున్నారనీ అదే కమిటీ చెప్పింది. వీల్‌చైర్, చెవి మిషను, ఊతకర్ర. ఇల్లు కూలినప్పుడు వాటిని కూడా ఏరుకుని పారిపోయే తీరిక ఎవరికుంటుంది? ఈ పిల్లలకి కాల్పులు ఆగిన రోజున అసలు పని మొదలవుతుంది, 2040లో కూడా నడుస్తూ ఉంటుంది.

ఫిట్స్ మందు మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది, అది అందకపోతే ప్రాణం పోవచ్చు. ఫినోబార్బిటాల్ చాలా చవక మందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తప్పనిసరి మందుల జాబితాలో ఉంది. రోజూ వేసుకునే బిడ్డకి ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఊరు వదిలి పారిపోయేటప్పుడు జరిగేది సరిగ్గా అదే. పైగా అది 1971 నాటి అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణలో ఉన్న మందు కాబట్టి సరిహద్దు దాటించాలంటే అనుమతులు కావాలి. ఇది ప్రత్యేక అవసరం అంటారా, ప్రాణం నిలబెట్టడం అంటారా?

ఇక పరికరాలు. వీల్‌చైర్లు ఇచ్చే ఫొటోలు అందరం చూసే ఉంటాం. వరుసగా నిలబెట్టిన కొత్త కుర్చీలు, అన్నీ ఒకే సైజు, పక్కన నవ్వుతూ పెద్దమనుషులు. అవి చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను. కుర్చీ ఇవ్వడమంటే ఎనిమిది మెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే రాసిపెట్టింది. మనిషిని గుర్తించి పంపడం, పరీక్షించడం, ఏది కావాలో రాయడం, డబ్బు చూడటం, కుర్చీ సిద్ధం చేయడం, ఒంటికి సరిపోయేలా అమర్చడం, వాడటం నేర్పడం, చివరికి మరమ్మతు. ఫొటోలో కనిపించేది ఈ మెట్లలో ఒక్కటీ కాదు. పెద్దవాళ్ల సైజు కుర్చీలో పడేసిన పిల్ల నడుము వంకర పోతుంది, పుళ్లు పడతాయి. ఇసుకలో, బురదలో, గుట్టల మీద ఆస్పత్రి కారిడార్ కోసం చేసిన చిన్న చక్రాలు కదలవు. నెల తిరిగేసరికి ఆ కుర్చీ మీద బట్టలు ఆరేస్తుంటారు. ఆ డబ్బుతో ఒక మనిషిని పెట్టుకుని ఉంటే ఎంత పని జరిగేదో!

ఇంకో వాదన ఉంది, పైకి దయగా కనిపించేది. ఈ పిల్లలందరినీ ఒకచోట చేర్చి, మంచి హోం కట్టి, నర్సుల్ని పెడితే సరిపోతుంది కదా అని. గుడిసెలో నానా అవస్థా పడుతున్న బిడ్డని చూసినప్పుడు ఆ ఆలోచన ఎందుకొస్తుందో నాకు తెలుసు. ఉక్రెయిన్ చూడండి. 2022లో యుద్ధం పెరిగేనాటికి అక్కడ దాదాపు లక్షమంది పిల్లలు రెసిడెన్షియల్ సంస్థల్లో, హాస్టళ్లలో ఉండేవారు, అందులో సగం మందికి వైకల్యం ఉంది. చాలామందికి తల్లిదండ్రులున్నారు, ఇంట్లో పెంచుకోవడానికి సాయం లేక అక్కడ చేర్చారు. బాంబులు పడ్డప్పుడు సంస్థల్ని సంస్థలుగానే బస్సుల్లో తరలించారు. మంచం దిగలేని పిల్లల్ని, మాట రాని పిల్లల్ని మోసేందుకు చేతులు చాలలేదు. ఎవరిని ఎటు పంపారో తెలుసుకోవడానికి కుటుంబాలు తిప్పలు పడ్డాయి. ఎంత మంచి హోం అయినా, పారిపోవాల్సిన రాత్రి తల్లి ఎత్తుకున్నట్టు ఎత్తుకోదు. కట్టడానికి పెట్టే ఖర్చు తల్లికిస్తే ఆ బిడ్డ ఇంట్లోనే పెరుగుతుంది.

బడి గురించి నుజీన్ ముస్తఫా కథ చెబుతాను. సిరియా కుర్దు అమ్మాయి, సెరిబ్రల్ పాల్సీ. అలెప్పోలో ఐదో అంతస్తులో ఇల్లు, లిఫ్టు లేదు. బడికి వెళ్లే అవకాశమే రాలేదు, ఇంగ్లీషు టీవీ చూసి నేర్చుకుంది. 2015లో, పదహారేళ్ల వయసులో, అక్క వీల్‌చైర్ తోస్తుంటే దేశాలు దాటుకుంటూ జర్మనీ చేరింది. బడిలో చేరింది అక్కడే. 2019 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందు కూర్చుని సిరియాలో వైకల్యం ఉన్నవాళ్ల గురించి చెప్పింది. మండలికి అలా నివేదించిన వైకల్యం ఉన్న మొదటి వ్యక్తి ఆమే. రెండు నెలలకి, జూన్‌లో, యుద్ధాల్లో వికలాంగుల రక్షణ కోసం మండలి 2475వ తీర్మానం చేసింది. ఆమెని చూసి స్ఫూర్తి పొందమని చాలామంది రాస్తారు. నాకు మాత్రం ఆ ఐదో అంతస్తు గుర్తుండిపోయింది. యుద్ధం రాకముందే ఆ అమ్మాయికి బడి లేదు. శిబిరంలో కట్టే బడి పాత ఊళ్లోని బడిలాగే ఉంటే, ఇలాంటి పిల్లలకి అది కూడా లేనట్టే. కొత్తగా కట్టేటప్పుడు గుమ్మం వెడల్పుగా పెట్టడానికి, మెట్టు బదులు వాలు పెట్టడానికి అదనంగా అయ్యేది చాలా తక్కువ. కట్టేశాక పగలగొట్టి మార్చాలంటే ఎప్పటికీ జరగదు.

వెళ్లేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది. నాలాంటి వాళ్లం కాదు. మేము వస్తాం, వీసా అయిపోతుంది, వెళ్లిపోతాం. శిబిరంలో ఉన్నవాళ్లే చేయాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అందరికీ ఆరోగ్యం అందాలన్న 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సముదాయ పునరావాసం పేరుతో ముందుకు తెచ్చింది ఇదే: ఊరి మనుషులకే కొన్ని నైపుణ్యాలు నేర్పి, ఇళ్లలోనే పని జరిగేలా చూడటం. నేను చూసినంతలో ఈ పనికి అందరికంటే పనికొచ్చేవాళ్లు ఇద్దరు. ఒకరు, అలాంటి బిడ్డని పెంచిన తల్లి. ఇంకో తల్లి గుమ్మంలో ఆమె నిలబడితే దాచిపెట్టిన బిడ్డ బయటికి వస్తుంది. రెండోవాళ్లు, వైకల్యంతోనే పెరిగి పెద్దయినవాళ్లు. పోలియో కాలుతో కర్ర పట్టుకుని వచ్చి టీచరుగా మాట్లాడే మనిషిని చూసినప్పుడు తండ్రి ముఖంలో వచ్చే మార్పు నేను ఎన్ని గంటలు మాట్లాడినా తేలేను.

శిక్షణ లేనివాళ్లు చేయి వేస్తే పిల్లలకి దెబ్బ తగలదా అని సాటి ఫిజియోలు అడుగుతారు. తగులుతుంది. కీలుని గట్టిగా లాగితే బిడ్డ ఎముక విరగొచ్చు, ఎండ తగలక, తిండి చాలక బలహీనంగా ఉన్న ఎముకలు మరీను. అందుకే ఏది చేయాలో నేర్పడంతో పాటు ఏది ముట్టుకోకూడదో, ఎప్పుడు పై వాళ్లని పిలవాలో నేర్పాలి. పది పదిహేను మంది కార్యకర్తలకి ఒక ఫిజియో చొప్పున ఉండి, వారం వారం వాళ్లతో పాటు గుడిసెలకి వెళ్లాలి. ఫోన్లో వీడియో చూసి సలహా చెప్పడం ఇప్పుడు తేలికే. శిక్షణ లేదన్న కారణంతో ఎవరూ వెళ్లకపోతే, తల్లి తల వెనక్కి వాల్చి గంజి పోస్తూనే ఉంటుంది.

వాళ్లకి జీతం ఇవ్వాలి. గౌరవ వేతనం, టీషర్టు, సర్టిఫికెట్ కాదు. కాంక్రీటు పోసినవాడికి ఎలా ఇస్తామో అలా. నెలలపాటు జీతం లేని వాలంటీరు మానేస్తే తప్పు అతనిది కాదు. బిడ్డని చూసుకునే తల్లికి కూడా ఇంతో అంతో నగదు ఇవ్వాలని నేనంటాను. ఆమెకి కూలికి వెళ్లే వీల్లేదు, వరుసలో నిలబడే వీల్లేదు, ఆ ఇంటి ఆదాయంలో సగం అక్కడే పోయింది.

కాగితం మీద ఇవన్నీ ఒప్పుకున్నవే. 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 11వ అధికరణం యుద్ధాల్లో, విపత్తుల్లో వాళ్ల రక్షణ దేశాల బాధ్యత అంటుంది. 2019లోనే సహాయ సంస్థలన్నీ కలిసి వివరమైన మార్గదర్శకాలు రాసుకున్నాయి. తీర్మానాలకి కొరత లేదు, నెలజీతాల పద్దుకే కొరత. 2025లో అమెరికా విదేశీ సాయం భారీగా కోసేశాక ఆ పద్దు ఇంకా కుంచించుకుపోయింది. ఆ ఏడాది జూన్‌లో కాక్స్ బజార్ శిబిరాల్లో నిధుల్లేక చాలా లెర్నింగ్ సెంటర్లు మూసేశారు. కోత వచ్చినప్పుడు ముందు పోయేది గుడిసెలకి తిరిగే మనుషుల ఉద్యోగాలే, ఎందుకంటే వాళ్ల పని ఫొటోలో పడదు. నా దగ్గర పనిచేసిన కార్యకర్తల్లో కొందరికి అలాగే పని పోయింది. ఒకామె ఇప్పటికీ జీతం లేకుండా కొన్ని గుడిసెలకి వెళ్లొస్తోందని విన్నాను. ఆమె మంచితనాన్ని మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు, ఆమెకి జీతం రావాలి.

ఇది చదివేవాళ్లలో శరణార్థుల కోసం విరాళాలు ఇచ్చేవాళ్లు ఉంటారు, ఆఫీసు తరఫున ఎక్కడ ఇవ్వాలో నిర్ణయించేవాళ్లు కూడా ఉండొచ్చు. ఇచ్చే ముందు ఆ సంస్థని మూడు విషయాలు అడగండి. బల్ల దగ్గరికి రాని పిల్లల్ని ఎలా వెతుకుతున్నారు? గుడిసెలకి వెళ్లే మనుషులు ఎంతమంది, వాళ్లకి నెలకి ఎంత ఇస్తున్నారు? ఇచ్చిన కుర్చీ, ఇచ్చిన కాలు ఆర్నెల్ల తర్వాత బిడ్డ ఎదిగితే ఎవరు సరిచేస్తారు, వాళ్ల జీతం ఏ పద్దులోంచి వస్తుంది? గోదాములో ఎన్ని వీల్‌చైర్లున్నాయో చెప్పి ఊరుకుంటే మళ్లీ అడగండి. నిజంగా ఈ పని చేస్తున్నవాళ్లకి ఆ ప్రశ్నలు నచ్చుతాయి, ఎందుకంటే వాళ్లని ఇప్పటిదాకా ఎవరూ అవి అడిగి ఉండరు.